అరవై మూడు డిగ్రీలు

సౌతాంప్టన్‌లో శనివారం.
ఆరున్నరకే వాన, మొహం కడుక్కోకుండా వచ్చేసింది.
రేవులో పద్దెనిమిది అంతస్తుల ఓడ.
దాని పక్కన నా తెల్ల వ్యాను
చీమ కూడా కాదు, చీమ వదిలేసిన పంచదార పలుకు.

నాలుగువేల మంది దిగుతారు, నాలుగువేల మంది ఎక్కుతారు,
మధ్యలో నేనెక్కుతాను
తెల్ల కోటుతో, జుట్టుకి వలతో, జేబులో థర్మామీటరుతో.
రేవు ఆరోగ్యశాఖ. వంటిళ్ళ తనిఖీ.

ఇందులో పదకొండు చోట్ల తినొచ్చు.
మొదటి పంక్తి ఆరింటికి, రెండోది ఎనిమిదిన్నరకి,
పంక్తులు గిట్టనివాళ్ళకి పొద్దస్తమానం బఫే.
పై డబ్బు కడితే మాంసం ముక్కని
పేరూ ఊరూ చెప్పి మరీ వడ్డిస్తారు.
పద్నాలుగో అంతస్తులో జపాన్, ఐదులో ఇటలీ,
మధ్యలో లిఫ్టు.
రాత్రి రెండింటికి నిద్రపట్టనివాళ్ళకి పిజ్జా.
నాలుగింటికి టీ, మూడు వరసల పళ్ళెంలో
వేలెడేసి శాండ్‌విచ్‌లు.
మా పెద్దత్త చూస్తే అనేది,
"రుచి చూపించారు, సరే. అన్నమెప్పుడు?"

నేనేమీ ముట్టను. రూలు.
తొమ్మిదేళ్ళుగా నా థర్మామీటరే తింటోంది.
సూపులో మునిగింది, కస్టర్డులో నిలబడింది,
కోడి గుండెదాకా వెళ్ళొచ్చింది.
దానికి తెలిసిన రుచులు రెండే,
అరవై మూడు దాటిన వేడి, ఐదుకి దిగిన చలి.
మధ్యలో ఉన్నదంతా ప్రమాదం.
మనుషుల్నీ అలాగే కొలుస్తావని
మా ఆయన ఒకసారి అన్నాడు.
ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడు.

అంకెలు మాత్రం తెలుగులోనే గొణుక్కుంటాను.
అరవై ఎనిమిది. డెబ్బై ఒకటి.
అరవై నాలుగు, ఊఁ.
"ఎక్కాలు సదువుతున్నారేటండి?"
వెనకనించి, పెనం ఆవిర్లోంచి.

పేరుబిళ్ళ మీద డాన్.
విప్పితే సూరాడ దానయ్య, భీమిలి అవతల పేట.
తాతలు వలలేశారు.
ఇతను పూటకి మూడొందల ఆమ్లెట్లు వేస్తాడు,
ప్రతివాళ్ళనీ ఉల్లిపాయ సంగతి అడిగి.
"సముద్రం మీదే ఉంటాను గానండి, సముద్రం కనపడదు.
వండేది గోడకెదురుగా, తొంగునేది నీటికి కింద."

నవ్వాను. నవ్వుతూనే చల్లగది తెరిచాను,
అలవాటు.

మూడో అర, వెన్న దిమ్మల వెనకాల
ఐస్‌క్రీం డబ్బా. లోపల ఐస్‌క్రీం లేదు.
లేబుల్ లేదు, తేదీ లేదు.
మూత పూర్తిగా రాకముందే తెలిసిపోయింది
రొయ్యపొట్టు కారం.
వెల్లుల్లి, ఎండుమిర్చి, ఓ రవ్వ మాడు.
అంత ఉక్కు మధ్యన ఆ వాసన
అన్నం కోసం అటూ ఇటూ చూసింది.

పేరులేని తిండి పారెయ్యాలి.
కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే.
దానయ్య తడిలేని చేతులు తుడుచుకున్నాడు.
"పారీమంటే పారేస్తానండి.
పదకొండు హోటళ్ళున్నాయి, ఏదో ఒకటి తింతాం."

పెద్ద వంటాయన దూరంనించి చూస్తున్నాడు.
థర్మామీటరు తీసి కారంలో నిలువునా గుచ్చాను.
"నాలుగు," అన్నాను పైకి, తీర్పు చెప్పినట్టు.
లేబుళ్ళ చుట్ట, మార్కరు అతని చేతిలో పెట్టాను.
ఏమిటి, ఎప్పటిది, ఎవరిది.

నాలుక చివర బయటపెట్టి ఇంగ్లీషులో రాశాడు
రొయ్యలు. మార్చి తొమ్మిది. సిబ్బందిది,
ప్రయాణికులకి పెట్టరాదు.
ఆఖరి మాట దగ్గర ఆగి,
"బతిమాలినా పెట్టనండి."

రిపోర్టులో ఒక వాక్యం:
లేబుల్ లోపం, అక్కడికక్కడే సరిచేయబడినది.

నాలుగున్నరకి ఓడ కూత వేసింది.
పై అంతస్తులో అప్పుడే పళ్ళేలు పట్టుకుని వరస.
వ్యానులో కూర్చుని థర్మామీటరు తుడిచాను,
స్పిరిటుతో, మూడుసార్లు. రూలు రెండుసార్లే.
తొడుగు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఏమీ లేదు.
నా పని నాకు బాగానే వచ్చు.

పొద్దున కట్టుకున్న గుడ్డు శాండ్‌విచ్ విప్పి
ఊరికే, గుచ్చి చూశాను.
పదిహేడు డిగ్రీలు.
తినేశాను.