మూతి మూసిన రైఫిలు

కాశిబుగ్గ పాతినుప దుకాణంల
తక్కెడ మీద పండుకున్నది,
సైకిల్ రిమ్ము పక్కన, నిజాం పల్టన్ నాటి రైఫిలు.

ముందుగాల కాయితాలు.
పద్నాలుగు నెలలు ఠాణాకూ కలెక్టరాఫీసుకూ చెప్పులరిగినయ్.
"పేలది కద?" అని గుమాస్తా ప్రతిసారీ.
పేలది సార్.
పిన్ను కోసిండ్రు, గొట్టంల కడ్డీ దించి వెల్డింగు కొట్టిండ్రు,
ముద్ర ఏసిండ్రు.

సర్కారు కన్న ముందే
కుమ్మరిపురుగు మట్టి మోసుకొచ్చి మూతి మూసింది.
ఆ గూడు పగలకుండ తీసేటాల్లకు పొద్దుగూకింది.

కిరసనాయిలు, ఇసుకకాయితం, గుడ్డపీలిక.
తుప్పు గోర్లల్లకు దిగి
బువ్వల గూడ ఇనుప వాసన.
చెదలు తిన్న మడమకు
వడ్ల కొమురెల్లి నల్లమద్ది చెక్క అతికిండు.
పైస ముట్టలె.
"ఎవని బుజం ఒరుసుకున్నదో" అన్నడు, అంతే.

అవిసెనూనె రుద్దుతుంటే
పాత కట్టె మీద తేలింది
చాకుమొనతోని గీకిన ఉర్దూ అక్షరం,
పక్కన ఒక్క గీత.
సంపిన లెక్కనా?
ఇంటికి పోయిన సెలవు లెక్కనా?
అన్ని గీతలు చెరిపిన చెయ్యి
ఆడ ఆగింది.

ఇప్పుడది అద్దాలపెట్టెల ఉన్నది.
పక్కన ఆ మట్టిగూడు.
చూడొచ్చినోళ్లు
ముందుగాల దాన్నే అడుగుతరు.