శుక్రవారం దాకా

కొట్టు తలుపు తోసినప్పుడల్లా
నాకంటే ముందు గాలే లోపలికి వస్తుంది.
లెర్విక్‌లో గాలికి ఎవరూ చోటివ్వరు, అదే తీసుకుంటుంది.
ఇది నాలుగోసారి.
రాస్మీ తల ఎత్తకుండానే అంటాడు:
"అక్కడే ఉందిలే. ఎవరూ ఎత్తుకుపోలేదు."

గోడ వారన స్టాండు మీద
అకౌస్టిక్ బేస్ గిటారు,
పొట్ట ముందుకేసుకుని.
నాలుగే తీగలు. అన్నిటికన్నా లావుది
ఓడ మోకుకి చిన్న చెల్లెలు.
ఆరువందల ఎనభై పౌండ్లు.
నాకు ఆరు రోజుల జీతం.

నేను బ్రెసే ఫెర్రీ మీద తాళ్లు విసిరే మనిషిని.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి,
నీళ్లకి కుట్టు వేస్తున్నట్టు.
పాతికేళ్ల కిందట పెళ్లి డాన్సుల్లో
ఎలక్ట్రిక్ బేస్ వాయించేదాన్ని.
యాంప్లిఫయర్ అమ్మి వాషింగ్ మెషీన్ కొన్నాను.
అదీ బాగానే మోగింది, బట్టలు పిండేటప్పుడు.

గురువారం రాత్రి పబ్బు వెనక గదిలో
ఆరు ఫిడేళ్లు, రెండు అకార్డియన్లు.
కొనేవాళ్లని పోగొట్టుకునే నిజాయితీ రాస్మీది:
"ఓస్లా, చెప్పేస్తున్నా. వంటింట్లో ఒక్కదానివే అయితే బాగుంటుంది.
ఇంకొకరొస్తే పర్లేదు.
అకార్డియన్ నోరు తెరిచిందా,
నువ్వు చెక్కపెట్టె గోకుతున్నట్టే."
"ప్లగ్గు పెట్టుకోవచ్చు కదా?"
"ప్లగ్గే పెట్టేట్టయితే నీకీ పొట్ట ఎందుకు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు.
మూడుసార్లూ ఇక్కడిదాకా వచ్చే
ఇంటికి పోయాను.

రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
కొనకూడదు అన్న వైపు:
హీటరు సగం చచ్చింది.
చలికి వేళ్ల కణుపులు సలుపుతాయి.
పైవాటాలో మాగ్నీకి ఎనిమిదింటికే నిద్ర,
మూడింటికి లేచి చేపల మార్కెట్టుకి పోవాలి.
కొనాలి అన్న వైపు
ఏం రాయాలో తోచక
అడ్డంగా ఒక గీత గీశాను.
గీత కాస్త వణికింది.

ఇవాళ ఒళ్లోకి తీసుకున్నాను.
చెయ్యి దాని భుజం మీదుగా వేసేసరికి
పెనుగులాడని గొర్రెపిల్లని పట్టుకున్నట్టుంది.
ఆ లావు తీగని బొటనవేలితో
ఒక్కసారి నొక్కి వదిలాను.

చెవికి పెద్దగా ఏం అందలేదు.
పక్కటెముకలకి అందింది.
గోడకి వేలాడే మాండొలిన్ ఒకటి
ఎవరూ తాకకుండానే ఊ కొట్టింది.
చిల్లర పళ్లెంలో రెండు పెన్నీలు
కాస్త దగ్గరికి జరిగాయి.
రాస్మీ కుక్క ఒక చెవి మాత్రం ఎత్తింది.

ఆ మంద్రం నాకు తెలుసు.
రేవు వదిలేటప్పుడు ఇంజను
ఒక్క గుటక వేసి
మా కాళ్ల కింది ఇనుపరేకులోకి దింపేది అదే.
ప్రయాణికులు వినరు.
కార్లలో రేడియో పెట్టుకుంటారు.
అది ఆగిపోతే మాత్రం
అందరూ ఒకేసారి అద్దాలు దించుతారు.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు
అందిట ఉప్పు.

"ఎవరికీ వినబడదంటావు," అన్నాను.
"వినబడదు."
"నా పక్కన కూచున్నవాళ్లకి?"
రాస్మీ చాలాసేపు ఆలోచించాడు,
అబద్ధానికి మాట దొరకనివాడిలా.
"బెంచీ ఒకటే అయితే
బెంచీకి తెలుస్తుంది."

బయట మూడింటికే చీకటి.
నాలుగింటి పడవకి నేను తాడు అందుకోవాలి.
గిటారుని స్టాండు మీద పెట్టేశాను.
ఇవాళ కొనట్లేదు అన్నాను.
సరే అన్నాడు.
శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వకు అన్నాను.
ఎవరడుగుతారు, అన్నాడు.

తలుపు దాకా వెళ్లి
వెనక్కొచ్చి
కంచు తీగల కట్ట ఒకటి కొన్నాను,
ముప్ఫై రెండు పౌండ్లు పెట్టి,
నాకు లేని వాద్యానికి.

రాస్మీ ఏమీ అనలేదు.
రసీదు మడిచి
నా కోటు జేబులో తనే పెట్టాడు.

పడవ మీద తొడుగు తీసి
జేబులో చెయ్యి పెట్టి
ఇంజను మొదలయ్యేదాకా
ఆ కట్టని పట్టుకునే ఉన్నాను.