దిద్దుబాటు గీత

శనివారం తెల్లారకముందే లోర్నా
ఓడోమీటరు సున్నా చేస్తుంది.
నా ఒళ్లో అట్ట, దారం కట్టిన పెన్సిలు.
పంతొమ్మిదేళ్లుగా ఇదే మా కాపురం:
తను నడుపుతుంది, నేను అంకెలు రాస్తాను.

వారమంతా స్కూలు బస్సు తోలి
సెలవునాడు కూడా రోడ్డు మీదేనా అని
మొదట్లో అడిగాను.
"అది పిల్లల కోసం. ఇది రోడ్డు కోసం," అంది.
మళ్లీ అడగలేదు.

సస్కాచెవాన్‌లో మా వైపు చూడ్డానికేముంది అంటారు, వచ్చినవాళ్లు.
కనోలా పసుపు, అవిసెపూల నీలం, మళ్లీ పసుపు.
లోర్నాకి మాత్రం
0.0. వెస్నా ఊరి ధాన్యపు గాదె ఎదుట మొదలు.
4.2. పట్టాలు పీకేసిన చోట చిన్న కుదుపు.
11.8. ఉల్లిగడ్డ గుమ్మటం చర్చి. తాళం.
19.6. తారు అయిపోయింది.
"కంకర అని రాయి. పాడైంది అని రాయకు.
అది అభిప్రాయం."

ఆ విజ్ఞాన సర్వస్వంలో అభిప్రాయాలకి చోటు లేదు,
జ్ఞాపకాలకి అసలే లేదు.
ఈ ఎనిమిదొందల పదహారుని
వాళ్ల నాన్న గ్రేడరుతో చదును చేసేవాడు,
ఉమ్మితే గడ్డకట్టే చలిలో,
థర్మాసు నిండా బీట్‌రూట్ చారుతో.
ఆ మాట ఒకసారి పేజీలో రాసింది.
తెల్లారేసరికి పక్కన చిన్న ముక్క:
ఆధారం కావాలి.
ఎవరో, మొహం తెలియని కుర్రాడు.
"న్యాయమే," అంది లోర్నా.
రెజైనాలో పాత పద్దుల గదిలో మూడు రోజులు దుమ్ము పీల్చింది.
గ్రేడరు నంబరు దొరికింది. డీజిలు లెక్క దొరికింది.
నాన్న దొరకలేదు.
ఆయన్ని తనే తీసేసింది.
గ్రేడరుని ఉంచింది.

మా ఇంట్లో ఫొటోలు పద్నాలుగు వేలు.
అన్నీ బోర్డులు, కూడళ్లు.
ఒక్కదాంట్లో నేనున్నాను, స్తంభం ఎత్తు తెలియడానికి.
దాన్ని ఎక్కించాక ఎవరో నన్ను కత్తిరించారు.
రోజుకి ఏడుగురు చూసే ఆ పేజీలో
ఇప్పటికీ నా మోచెయ్యి ఉంది.

27.3 దగ్గర
తాడు పట్టి గీసినట్టున్న రోడ్డు
ఉన్నట్టుండి పడమటికి జరిగి
మళ్లీ ఉత్తరం పడుతుంది.
గుట్ట లేదు, వాగు లేదు, గట్టు తగాదా లేదు.
కొత్తవాళ్లు రాత్రిపూట ఇక్కడే గుంటలో పడతారు.
"భూమి గుండ్రం కదా," అంటుంది లోర్నా, వచ్చిన ప్రతిసారీ,
నాకు తెలియదన్నట్టు.
"పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరవుతాయి.
చదరాలు గీసినవాళ్లకి నేల చాలదు.
అందుకని ఇరవైనాలుగు మైళ్లకోసారి
తప్పు ఒప్పుకుని పక్కకి జరుగుతారు.
దిద్దుబాటు గీత ఇది."
దాని మీద నేను అనదగ్గ మాటలు కొన్ని ఉన్నాయి.
అనను. అవి అభిప్రాయాలు.

మార్చిలో ఉత్తరం వచ్చింది, ఈసారి కాగితం.
ఎనిమిదొందల పదహారుని జాబితాలోంచి తీసేశారట.
ఇక అది పొలాల దారే, పేరు లేదు.
ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర
మొదటి వాక్యం తెరిచి కూర్చుంది.
"ఉంది"ని "ఉండేది" చెయ్యాలి.
ఒక అక్షరం పెరిగితే ఒక రోడ్డు తగ్గుతుంది.
టీ మీద మీగడ కట్టింది.
"రోడ్డెక్కడికి పోయింది, నంబరే కదా పోయింది," అన్నాను.
"ఆధారం?" అంది,
నవ్వకుండా.
ఒంటిగంట దాటాక మీట నొక్కిన చప్పుడు వినిపించింది.

శనివారం. ఓడోమీటరు సున్నా.
బోర్డులు లేవు. స్తంభాలు పాతిన చోట
గుంటల్లో మంచునీళ్లు, ఒకదాంట్లో ఆకాశం ముక్క.
చర్చి దగ్గర ఆగలేదు.
తారు అయిపోయినప్పుడు ఇద్దరం ఏమీ అనలేదు.
27.3 దగ్గర బండి ఆపి, అద్దం దించి,
ఇంజను కట్టేసి, చాలాసేపు చూసింది.

"రాయి," అంది.
"రోడ్డు ఇంకా పడమటికి తిరుగుతోంది."
"ఇదెక్కడ పెడతావు?"
"ఎక్కడా పెట్టను.
నువ్వు రాయి."