క్రెడిట్ల బదిలీ

ఎర్లిండా చోకె తిరిగొచ్చింది.
ఔలు నుంచి ఒరూరోకి మూడు విమానాలు, ఒక రాత్రి బస్సు.
నిద్రకళ్ళతోనే నా బల్ల మీద మార్కుల పత్రం పెట్టింది.

జలశాస్త్రం అక్కడ ఆరు, మన లెక్కలో నాలుగు.
గణాంకాలు ఐదు. సరే.
ఫిన్నిష్ భాష, మొదటి మెట్టు: దానికి గడి లేదు,
"ఐచ్ఛికం" అని రాసి ముద్ర గుద్దాను.

అడుగున ఇంకో కాగితం, చేతిరాత.
"ఇదేమిటి?"
"తౌనో అనే ముసలాయన రాసిచ్చాడు.
అడుగుల చప్పుడు విని మంచు మందం చెప్పగలనని,
కన్నం తొలిచి వల దించగలనని."

వాళ్ళ తాత పోపో సరస్సు మీద జాలరి.
నీళ్ళింకి, పడవ ఉప్పులో దిగబడ్డాక
ఆయన వలకి అతుకులేయడం చూసింది గానీ
విసరడం ఎన్నడూ చూడలేదీ పిల్ల.
ఎవరిదో సరస్సు మీద, గడ్డకట్టిన నీళ్ళ మీద
బోర్లా పడుకుని
ఇంటి విద్య నేర్చుకొచ్చింది.

దీన్ని ఏ గాటన కట్టను?
నియమాల పుస్తకం తిరగేస్తున్నాను.
"ఆ కాగితం వెనక్కిస్తారా? తాతకి చూపించాలి."

ఇచ్చేశాను. నకలైనా తీసుకోలేదు.
మధ్యాహ్నం రొట్టె తుంచుతుంటే
వేళ్ళకి చేపవాసన.
కడుక్కోవాలనిపించలేదు.