రెండు మార్లు

టంగుటూరు గ్రేడింగు కంపెనీలో
నా మొదటి పొద్దు.
ఎవరూ ఏమీ చెప్పలా.
మా పిన్ని గోనెపట్టా చూపించి
"కూసో, చూడు" అంది, అంతే.

చూశాను.
మాలకొండమ్మ చేతులు చూశాను.
ఆకు తీసుద్ది, వెలుగుకి పట్టుద్ది,
ఒకసారి తిప్పుద్ది, మళ్లీ ఒకసారి తిప్పుద్ది.
పండాకైతే కుడిపక్క, మాడాకైతే ఎడమపక్క,
పచ్చ తగిలింది ఒళ్లోకి.
నేనూ తిప్పాను. రెండు మార్లు.

మూడేళ్లకి తెలిసింది
ఆ రెండో తిప్పుడుతో పనే లేదని.
చిన్నప్పుడు గడ్డి కోస్తా కొడవలి తెగి
ఆమె చిటికెన వేలు వంగదు.
మొదటిసారికి ఆకు జారుద్ది, అందుకని రెండోసారి.
అప్పటికి మా వరస మొత్తం,
పదహారు మందిమి, వంగే వేళ్లున్నోళ్లం,
వంగని వేలితో పనిచేస్తన్నాం.

ఆవలింత సంగతి చెప్పక్కర్లా.
మధ్యాన్నం మూడింటికి తలుపు కాడ పుట్టి
గోడ దాకా పోయి, తిరిగొచ్చేది.

ఇంకోటి ఉంది, అది చెప్పాల.
ఎస్తేరు దగ్గింది.
పొగాకు కొట్టంలో దగ్గనిదెవరు?
అయినా ఎవరో ఆమె తాగిన గళాసుని
కాలి బొటనవేలితో కుండకి అవతలికి జరిపారు.
పక్కామె తన గళాసు కొంగులో చుట్టుకుంది.
ఆ పక్కామె ఇంటికాడ నించి చెంబు తెచ్చుకుంది.
ఒక్కరూ నోరు తెరవలా.
నేనూ చెంబు తెచ్చుకున్నా.
వారం తిరిగేసరికి ఎస్తేరు పట్టాకి అటూ ఇటూ
మనిషి పట్టేంత జాగా.

ఎండలు ముదిరినాక మేస్తిరి
కాటా కాడ తరుగు కొట్టడం మొదలెట్టాడు.
రోజూ గొణుక్కుంటాం, రోజూ ఆకు తిప్పుతాం.
ఒకనాడు మస్తానబీ చేతులు ఆగినయ్.
పక్కన పిచ్చమ్మ చూసింది, ఆపింది.
నేను ఆపాను.
ఎదురు వరస ఆపింది.
అన్నేళ్లలో మొదటిసారి
కొట్టంలో ఆకు చప్పుడు లేదు.
రైలుగేటు కాడ లారీ హారను వినపడింది.
మేస్తిరి వచ్చాడు, గుమాస్తా వచ్చాడు,
చీకటి పడ్డాక ఓనరే వచ్చాడు.
తరుగు పోయింది.

ఇంటికి పోతా మస్తానబీ నా చెవిలో అంది:
"కంట్లో నలుసు పడిందే తల్లీ,
తుడుచుకుందామని ఆపా.
తల ఎత్తేసరికి అందరూ నా వంకే చూస్తన్నారు.
ఇక మళ్లీ ఎట్టా మొదలెట్టేది?"

మర్నాడు అన్నాల కాడ
మాలకొండమ్మ లేచింది,
ఎస్తేరు గళాసు తీసింది, ముంచింది, తాగింది,
మూతి తుడుచుకుని పోయి కూసుంది.
ధర్మపన్నాలు చెప్పే మనిషి కాదామె.
దాహమేసిందో, ఇంకేమో.
ఆమె ఎనక పిచ్చమ్మ.
పిచ్చమ్మ ఎనక మా పిన్ని.

లెక్క నాకు గుర్తుంది.
గళాసు తప్పుకున్న రోజు నేను నాలుగోదాన్ని.
గళాసు ఎత్తిన రోజు పదకొండోదాన్ని.

మాలకొండమ్మ పోయి తొమ్మిదేళ్లు.
మొన్న పీఎఫ్ కాగితం కోసం కంపెనీకి పోయా.
ఆమె ముఖమే ఎరగని పిల్లలు,
కొండపి నించి ఆటోలో దిగేవాళ్లు,
ఆకు తీస్తన్నారు, తిప్పుతున్నారు.
మళ్లీ తిప్పుతున్నారు.

"రెండోసారి ఎందుకమ్మే?" అనడిగా.
ఆ పిల్ల పక్కపిల్ల వంక చూసింది.
పక్కపిల్ల దాని పక్కపిల్ల వంక.

కుండ పోయి నీళ్ల క్యాను వచ్చింది.
దాని మీద బోర్లించి
గళాసు ఒక్కటే ఉంది.