తడిగుడ్డ

మధ్యాహ్నం మూడింటికి తెల్లపెట్టె తలుపు తీస్తాను.
లోపల రెండు థర్మామీటర్లు
తోడికోడళ్ళలా పక్కపక్కనే.
ఒకదాని పాదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది,
రెండోది ఉత్తకాళ్ళతో నిలబడుతుంది.
వాటి మధ్య ఎడం ఎంత పెరిగితే
అడవికి అంత కీడు.

పొడిది ఇరవై ఎనిమిది.
తడిది పదిహేను.
ఇంకా జూన్ ఐదో తేదీయే.
అల్దాన్ నది మీద మంచు పగిలి
పట్టుమని మూడు వారాలు కాలేదు.
ఒడ్డు బురదలో గుడిసెలంత మంచుగడ్డలు
ఇంకా కూర్చునే ఉన్నాయి, చెమటోడుస్తూ.
వాటికి నాలుగడుగుల దూరంలో
నిరుటి గడ్డి కాలికింద కరకరమంటోంది.

రేడియోలో దియులుస్తాన్, జలుబు గొంతుతో:
"తేమ ఎంత?"
"ఇరవై రెండు పాళ్ళు."
"మళ్ళీ చెప్పు."
"ఇరవై రెండు."
"వాన?"
"సున్నా."
"చివరిసారి ఎప్పుడు?"
పేజీలు వెనక్కి తిప్పాను.
మే పద్దెనిమిది. గిన్నె అడుగు తడిసింది,
కొలతకు అందలేదు.
అతను కాసేపు ఏమీ అనలేదు. తుమ్మాడు.

మాకిప్పుడు రాత్రి లేదు.
దక్షిణాది వాళ్ళు వచ్చి
అర్ధరాత్రి ఎండలో ఫొటోలు దిగి వెళ్తారు.
మంటకు కునుకంటూ పడితే
గడ్డిమీద కాస్త చెమ్మ దిగే ఆ రాత్రిపూటే.
పొద్దు వాలని ఊళ్ళో
దానికి పక్క ఎవరు పరుస్తారు?

నిరుడు సెప్టెంబరులో ఆరిపోయిందన్నారు.
కాగితం మీద ఆరింది, కింద మూడు సంతకాలు కూడా పడ్డాయి.
ఏప్రిల్లో గుర్రాల్ని వెతుక్కుంటూ వెళ్ళిన కెస్కిల్
మోకాలిలోతు మంచు నడుమ
చాపంత నల్లనేల చూశాడు.
చేతితొడుగు తీసి అరచెయ్యి ఆనించాడు,
పసిబిడ్డ నుదురు చూసినట్టు.
"అక్కా, వెచ్చగా ఉంది" అన్నాడు.
నివురు గప్పిన నిప్పు గురించి అందరికీ తెలుసు.
ఇది మంచు గప్పిన నిప్పు.
యాభై డిగ్రీల చలిలో
మట్టి కింద వేళ్ళు నములుతూ
చప్పుడు చెయ్యకుండా చలికాలం గడిపింది.

ఊరి చుట్టూ ట్రాక్టరుతో చాలు తవ్వుతున్నారు.
ఒక మనిషి దూకగలిగినంత వెడల్పు.
కుర్రాళ్ళు నిజంగానే దూకి చూస్తున్నారు.

ఒగ్దో పెద్దమ్మ రొట్టె కాల్చిన ప్రతిసారీ
మొదటి ముక్క వెన్న రాసి పొయ్యికి పెడుతుంది.
పైన ఓ చెంచాడు కుమిస్.
పొయ్యిలో నెరిసిన గడ్డం తాత ఉంటాడట.
ఆయన కడుపు నిండితే
ఇంటి గడప దాటి పోడట.
"మరి అవతల మట్టి కింద ఉన్నదెవరు?" అన్నాను.
వేళ్ళకంటిన వెన్న నాక్కుంటూ
చాలాసేపు ఆలోచించింది.
"నాకు తెలిసిన పేర్లేవీ వాడివి కావు" అంది.
ఆ పూట పొయ్యికి ఇంకో ముక్క పెట్టింది,
తన వాటాలోంచి.

ఐదింటికి ఈశాన్యాన మబ్బు లేచింది.
ఇళ్ళలోంచి అందరూ బయటికొచ్చారు.
మబ్బు కింద బూడిదరంగు వానజడలు వేలాడాయి,
దిగుతూ దిగుతూ
సగం దారిలోనే ఆవిరైపోయాయి.
ఒక్క మెరుపు మాత్రం నేలదాకా వచ్చింది.
నేను లెక్కపెట్టాను.
పద్దెనిమిది దగ్గర ఉరిమింది.
ఆరు కిలోమీటర్లు.
లార్చ్ కొమ్మల్లో అప్పటిదాకా కూస్తున్న కోకిల
నోరు మూసుకుంది.

పుస్తకంలో రాశాను: ఉరుము, దిక్కు, దూరం, వేళ.
వాసనకు గడి లేదు.
అంచున పెన్సిలుతో చిన్నగా రాసి
చెరిపేద్దామనుకుని, ఉంచేశాను.

మళ్ళీ తెల్లపెట్టె దగ్గరికి వెళ్ళాను.
తడిగుడ్డ కింద బుల్లిగిన్నెలో
నీళ్ళు సగానికి దిగాయి.
చెంబు వంచి నింపాను, నెమ్మదిగా,
ఒక్క చుక్క కూడా కిందపడకుండా.
ఎండిపోతే అదీ అబద్ధం చెబుతుంది.
రేపు మూడింటికి
నాకు నిజం కావాలి.