తీతువ గుడ్లు

మస్కట్ మొత్తం తానం చేసిన నీళ్లు,
మా క్యాంపుల బియ్యం కడిగిన కుడితి,
పైపుల పడి, శుద్ధయి, అన్సబ్ మడుగులకు వస్తయి.
ఎంత దూరం నుంచి వచ్చినయో ఫ్లెమింగోలు,
ముక్కు తలకిందులు పెట్టి
ఆ నీళ్లనే వడపోసుకుంటయి.

నా డ్యూటీ గేటు, పార్కింగు, మూడు చూపుగుడిసెలు.
శుక్రవారం పొద్దుగాల ఐదున్నరకు
పొడుగు కెమెరాలోళ్లు వస్తరు.
చెక్క కిటికీ సందుల కండ్లు పెట్టి
ఊపిరి బిగవట్టి కూసుంటరు
చేపకు పొంచిన నారాయణపక్షి లెక్క.
ఎవరు ఎవర్ని చూస్తున్నరో
ఒక్కోపారి తెల్వది.

నేను అద్దాలు తుడుస్త. రిజిస్టరు తీస్త.
తెడ్డుమూతి కొంగలు ఆరు.
ఉల్లంకులు, లెక్క తప్పినయి.
ఖల్ఫాన్ సారు ఆయన పేర్లు నాకు నేర్పిండు,
నా పేర్లు నేను ఆయనకు నేర్పిన.
ఒక్కటే చెప్పలే.

ఏప్రిల్ల, పార్కింగు కంకరల,
తెల్లగీత పక్కన్నే
నాలుగు గుడ్లు. కంకర రంగే.
వెంట్రుకవాసిల నా బూటు తప్పింది.
నెత్తి మీద గిర్రున తిరుక్కుంట ఒకటే అరుపు:
తీతువ.

మా అవ్వ ఆ కూత ఇంటే
పొయ్యిల ఉప్పు ఏసేది.
రాత్రిపూట దాని పేరు నోట్లకు రానియ్యకపోయేది.
అది కూసిన వాడకట్టుల ఎవరో ఒకరు పోతరంట.
ఇక్కడ ఫిన్లాండు ముసలామె
దాన్ని చూసి మోకాళ్ల మీద కూలవడ్డది,
దూర్బీను వణుకుతుంటె నవ్వుకుంట.

నేను ఉప్పు ఎయ్యలే.
నారింజ కోన్లు నాలుగు తెచ్చి సుట్టూ పెట్టిన.
ఖల్ఫాన్ సారు చూసిండు, ఏమనలే.
నీడల ఆపే తన బండి
ఆనాటి నుంచి ఎండల ఆపుతుండు.

నలభైమూడు డిగ్రీల పగటీలి.
ఆఫీసు ఏసీ పైపు సుక్క సుక్క కారే కాడ
తీతువ వచ్చి కూసుంటది.
రొమ్ము బూరు తడుపుకుంటది,
ఉరికిపోయి గుడ్ల మీద వాల్తది.
మల్ల వస్తది. మల్ల పోతది.
ఆడిదో మొగదో నాకు ఎరుక లేదు,
రెండూ షిఫ్టుల మీద ఉన్నయి.
అదే పైపు కింద నేను తువ్వాల తడిపి
నెత్తికి సుట్టుకుంట.
మొదట్ల నన్ను జూసి తిట్టేది.
ఇప్పుడు జెర పక్కకు జరుగుతది, అంతే.

నిన్న కోన్ల నడుమ పెంకులు.
దూదిపింజలకు కాళ్లు మొలిచినట్టు
మూడు పిల్లలు మడుగు దిక్కు నడిచినయి.
నాలుగో గుడ్డు అట్లనే ఉంది.
కోన్లు తియ్య మనసొప్పలే.

రిజిస్టర్ల రాసిన, తెలుగుల,
నా కోడిగీతల రాతల:
తీతువ – ఐదు.
ఇదేందని సారు అడిగిండు.
పట్టపగలే గద.
పేరు చెప్పిన.